ఎక్కువగా తడిపే పాపాయికి క్లాత్ డైపర్: కొనేముందు తడిసిన డైపర్‌ని అడగండి

క్లాత్ డైపర్లు మొదలుపెట్టిన వారానికే చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది: "మా పాపకి ఇవి ఆగవండీ, గంటకే బట్టలన్నీ తడిపేస్తోంది." నేనూ అన్నాను. మా చిన్నోడికి ఏడో నెలలో ఒకేసారి పన్నెండు పాకెట్ డైపర్లు కొన్నాను. మొదటి రాత్రే రెండుసార్లు లేచి పక్క మార్చాల్సి వచ్చింది. మర్నాడు ఒక్కో డైపర్‌లో రెండేసి ఇన్సర్టులు (లోపల దూర్చే, తడి పీల్చే గుడ్డ పట్టీలు) కుక్కాను. లీకు తగ్గకపోగా ఇంకాస్త ముందే మొదలైంది.

మూడో రాత్రి విసుగొచ్చి, విప్పిన డైపర్‌ని బకెట్లో పడేయకుండా లైటు కింద పెట్టి చూశాను. లోపలి ఇన్సర్టు బయటికి లాగితే ముందు సగం పిండితే కారేలా ఉంది. వెనక సగం ఉతికి మడతపెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే, పొడిగా ఉంది. అంటే డైపర్‌లో ఇంకా బోలెడు చోటుంది. తడి అక్కడిదాకా చేరకుండానే తొడ పక్కనుంచి దారి చూసుకుంది. నాకు కావలసింది మూడో ఇన్సర్టు కాదు, ఉన్నదాన్ని ముందువైపుకి మడిచి పెట్టడం. ఆ ఒక్క మార్పుతో ఆ వారం పక్క ఒక్కసారే తడిసింది.

అందుకే ఏ డైపర్ కొనాలని ఎవరైనా అడిగితే కంపెనీ పేరు చెప్పను. ఇప్పుడు వాడుతున్నది విప్పి చూశారా అని అడుగుతాను.

ముందు రెండు మూడు రోజులు గమనించండి

"ఎక్కువ పోస్తుంది" అనే మాటలో రెండు వేరువేరు సమస్యలున్నాయి. కొందరు పిల్లలు చాలాసేపు పొడిగా ఉండి ఒక్కసారిగా ధారగా పోస్తారు. మొత్తం మరీ ఎక్కువేం ఉండదు, కానీ గుడ్డ పీల్చుకునేలోపే పక్కలకి పారిపోతుంది. ఇంకొందరు కొంచెం కొంచెంగానే పోస్తారు గానీ ఆపకుండా పోస్తారు, చివరికి ఎంత గుడ్డ పెట్టినా నిండిపోతుంది. మొదటివాళ్లకి కావలసింది త్వరగా పీల్చే గుడ్డ. రెండోవాళ్లకి కావలసింది ఎక్కువ పట్టే గుడ్డ. ఒకరి మందు ఇంకొకరికి వేస్తే పనిచేయదు, డబ్బు మాత్రం అయిపోతుంది.

లీకైన ప్రతిసారీ ఇన్సర్టు బయటికి తీసి ఈ నాలుగింటిలో ఏదో చూడండి.

- ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిసి, నొక్కితే కారుతోంది: నిజంగానే గుడ్డ చాలలేదు. 
- ఒక భాగం ముద్దగా తడిసి మిగతాది పొడిగా ఉంది: పీల్చే వేగం తక్కువైనా అయ్యుండాలి, డైపర్ ఒంటికి సరిగా అమరకపోయినా అయ్యుండాలి. 
- ఇన్సర్టు పెద్దగా తడవలేదు, కవర్ (పైన ఉండే, నీళ్లు ఆపే పొర) లోపలంతా నీళ్లే: గుడ్డ తడిని తోసేస్తోంది. అది ఉతుకు సమస్య, దాని సంగతి కింద చెప్తాను. 
- కాళ్ల దగ్గరా నడుము దగ్గరా పొడిగానే ఉంది, కవర్ మధ్యలో మాత్రం బయటికి చెమ్మ వచ్చింది: కవర్ పాడైంది.

ఇంకో మంచి సాధనం వంటింట్లోనే ఉంది. వంటకి వాడే చిన్న డిజిటల్ తూకం. డైపర్ వేసేముందు ఒకసారి, విప్పాక ఒకసారి తూయండి. మూత్రం ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరే కాబట్టి తేడా ఎంతుంటే అన్ని మిల్లీలీటర్లు. చిన్నపిల్లల్లో కిలో బరువుకి గంటకి ఒకటి రెండు మిల్లీలీటర్లు మామూలు లెక్క. ఎనిమిది కిలోల పాప పది గంటలు పడుకుంటే 160 మిల్లీలీటర్ల దాకా రావచ్చన్నమాట. మావాడు తొమ్మిది కిలోలున్నప్పుడు రాత్రి తొమ్మిది గంటల నిద్రకి ఆ తేడా 310 గ్రాములు తేలింది. ఆ అంకె చూశాక గానీ నా తిప్పలకి కారణం అర్థం కాలేదు. డైపర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన ఒక్క ఇన్సర్టు అంత పట్టదు.

ఇన్సర్టు ఎంత పడుతుందో తెలుసుకోవడం కూడా ఇంతే సులువు. పొడిగా ఉన్నప్పుడు తూయండి. నీళ్లలో పూర్తిగా నాననిచ్చి, పైకెత్తి కారేదంతా కారనిచ్చి, అరచేత్తో గట్టిగా నొక్కి మళ్లీ తూయండి. ఆ నొక్కడం ముఖ్యం. పాప దాని మీద కూర్చుంటుంది, దొర్లుతుంది. నొక్కితే వదిలేసే నీళ్లని లెక్కలో వేసుకోకూడదు.

గుడ్డ సంగతి

డబ్బా మీద బొమ్మలన్నీ ఒకేలా ముద్దుగా ఉంటాయి. తేడా అంతా లోపలి గుడ్డలోనే. కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

మైక్రోఫైబర్ చవకగా చేసే సింథటిక్ గుడ్డ, తువ్వాలులా పోగులు తేలి ఉంటుంది. చాలా త్వరగా పీలుస్తుంది. కానీ స్పాంజిలాగే నొక్కగానే వదిలేస్తుంది. పాపని కారు సీటులో బెల్టు పెట్టి కూర్చోబెట్టినా, క్యారియర్‌లో కట్టుకుని ఎత్తుకున్నా తొడ దగ్గర తడి ఊరడానికి కారణం ఇదే. ఇంకో సంగతి, దీన్ని నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు. చర్మంలో ఉన్న సహజమైన తేమని కూడా లాగేసి ఒరుపు తెస్తుంది. పాకెట్ లోపల గానీ, ఏదైనా మెత్తని పొర కింద గానీ ఉండాలి.

కాటన్ మధ్యస్థం. వేగమూ ఫర్వాలేదు, పట్టడమూ ఫర్వాలేదు, ఉతకడం తేలిక, ఏళ్ల తరబడి మన్నుతుంది. మందంగా ఉంటుందనేదే ఇబ్బంది.

బాంబూ పేరుతో వచ్చేది చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్. కాటన్ కంటే కాస్త ఎక్కువ పడుతుంది, మెత్తగా ఉంటుంది, మెల్లగా పీలుస్తుంది. ఒక్క జాగ్రత్త: "బాంబూ చార్కోల్" అని బూడిదరంగులో అమ్మే ఇన్సర్టుల్లో చాలావాటికి పైన బూడిదరంగు ఫ్లీస్ (నూగులాంటి మెత్తని సింథటిక్ గుడ్డ), లోపల మామూలు మైక్రోఫైబరే ఉంటుంది. అంచు దగ్గర కుట్టు కాస్త తెరిచి చూస్తే తెలిసిపోతుంది. లేబుల్‌లో ఎంత శాతం ఏ గుడ్డో చదవకుండా కొనకండి.

హెంప్ ఒక నార మొక్క నుంచి వచ్చే గుడ్డ, మామూలుగా 55 శాతం హెంప్, 45 శాతం కాటన్ కలిపి నేస్తారు. ఉన్న మందానికి అన్నిటికంటే ఎక్కువ పట్టేది ఇదే, నొక్కినా గట్టిగా పట్టుకుంటుంది. కానీ పీల్చడంలో బద్ధకం. ధారగా పోసే పిల్లాడికి ఒక్క హెంప్ ఇన్సర్టే పెడితే అది మేలుకునేలోపు పక్క తడిసిపోతుంది. ఉతికే కొద్దీ బిరుసెక్కుతుంది కూడా, చేత్తో నలిపి మెత్తబరచాలి.

పొరలు ఏ వరుసలో

త్వరగా పీల్చేది పైన, అంటే ఒంటి వైపు. ఎక్కువసేపు పట్టుకునేది కింద, కవర్ వైపు. పైపొర ధారని అందుకుని పట్టి ఉంచితే కిందిది తీరిగ్గా లాక్కుంటుంది. కాటన్ మీద, హెంప్ కింద: పగటికి నాకు బాగా నచ్చిన జత ఇదే. పాకెట్ డైపర్ అయితే పైన మైక్రోఫైబర్, కింద హెంప్ పెట్టినా బాగానే ఉంటుంది. మైక్రోఫైబర్ నొక్కుడికి వదిలేసిన నీళ్లు హెంప్ పట్టేసుకుంటుంది. తిరగేసి పెడితే ఆ లాభమంతా పోతుంది, నేను నిద్రమత్తులో రెండుసార్లు తిరగేశాను కాబట్టి తెలుసు.

రెండు పొరలు, మహా అయితే మూడు. అంతకు మించి గానీ, మందపాటివి గానీ కుక్కితే డైపర్ ఉబ్బి, కాళ్ల దగ్గర ఎలాస్టిక్ తొడ నుంచి ఎడంగా లేస్తుంది. నేను రెండేసి కుక్కిన మర్నాడు లీకు ముందే మొదలవడానికి కారణం అదే. మూడు మందపాటి పొరల కంటే ఒక కాటన్, ఒక సన్నని హెంప్ ఎక్కువ ఆపుతాయి. పొడవుగా అంతటా పెట్టే బదులు, తడి పడే చోట మాత్రమే చిన్న బూస్టర్ (అదనంగా పెట్టే చిన్న పీల్చే పట్టీ) పెడితే ఇంకా మంచిది. మగపిల్లలకి ముందువైపు మూడో వంతులో, ఆడపిల్లలకి మధ్యలో.

ఏ రకం డైపర్

పాకెట్ డైపర్‌లో రెండు పొరల మధ్య సంచిలాంటి ఖాళీ ఉంటుంది, మనకి కావలసిన ఇన్సర్టు అందులో దూర్చుకోవచ్చు. ఎక్కువగా తడిపే పిల్లలకి పగటిపూట ఇది అనుకూలం, ఎందుకంటే లోపలిది మార్చుకునే వీలుంది. అన్నీ కలిపి కుట్టేసిన ఆల్ ఇన్ వన్ వేయడం తేలికే, కానీ చాలకపోతే మార్చడానికి ఏం ఉండదు, ఆరడానికీ చాలాసేపు పడుతుంది. ఇలాంటి పిల్లలకి నేను దాన్ని సిఫార్సు చేయను.

కవర్ వేరు, మడత గుడ్డ వేరు అనే పాత పద్ధతిని చిన్నచూపు చూడకండి. చదరంగా ఉన్న పెద్ద కాటన్ గుడ్డని ఎటు కావాలంటే అటు మడుచుకోవచ్చు, తడి పడే చోట ఆరేడు పొరలు వచ్చేలా సర్దుకోవచ్చు. ఒకే పొర కాబట్టి సబ్బూ నీళ్లూ లోపలిదాకా చేరతాయి, త్వరగా ఆరుతుంది. ఖర్చూ తక్కువే. మడవడం చేతికి అలవాటవడానికి నాలుగు రోజులు పడుతుంది, అంతే.

ఫిట్టెడ్ అంటే డైపర్ ఆకారంలో కుట్టిన, మొత్తం పీల్చే గుడ్డే ఉన్న డైపర్. ముందూ వెనకా పక్కలా అంతా పీలుస్తుంది. దానికి వాటర్‌ప్రూఫ్ పొర ఉండదు, పైన కవర్ వేయాలి. రాత్రికి దీన్ని మించింది నేను చూడలేదు.

ఒంటికి అమర్చడం

ఎంత మంచి గుడ్డయినా అమరిక తప్పితే వృథా. పాపని వెల్లకిలా పడుకోబెట్టి డైపర్ వేశాక, కాళ్ల ఎలాస్టిక్ గజ్జల మడతలో కూర్చోవాలి, చెడ్డీ అంచు ఎక్కడుంటుందో అక్కడ. తొడ మధ్యలోకి దిగిపోతే కాలు ఆడించినప్పుడల్లా సందు తెరుచుకుంటుంది. పొట్ట దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. ఒకసారి మోకాళ్లు పొట్టకేసి మడిచి, మళ్లీ చాపి, ఎలాస్టిక్ పక్కన ఎక్కడైనా ఖాళీ కనిపిస్తోందా చూడండి. అక్కడే లీకవుతుంది. ఎర్రటి గీత కాసేపు కనిపించి పోతే ఫర్వాలేదు. చర్మం ఒరుసుకుపోయినా, గుంట పడినట్టు లోతుగా దిగినా బిగువు ఎక్కువైందని.

ముందున్న టిచ్ బటన్ల వరుస డైపర్ పొడవు తగ్గించడానికి, నడుము వరుస చుట్టుకొలతకి. చాలామంది నడుమే బిగించుకుంటూ పోతారు. సన్నని కాళ్ల పిల్లలకి పొడవు ఒక వరుస తగ్గిస్తే కాళ్ల సందు దానంతట అదే మూసుకుంటుంది.

మగపిల్లాడికి డైపర్ మూసేముందు అంగం కిందికి ఉండేలా చూడండి. పైకి గానీ పక్కకి గానీ ఉంటే ధార నేరుగా నడుము పట్టీకే వెళ్తుంది, పొట్ట మీద చొక్కా తడుస్తుంది. బోర్లా పడుకునే పిల్లలకి ముందు నడుము దగ్గర, పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి ఆ పక్క తొడ దగ్గర లీకవుతుంది. బూస్టర్‌ని అటే జరపాలి.

ఒక చిన్న విషయం తరచూ మోసం చేస్తుంది. లోపలి గుడ్డ అంచు కవర్ బయటికి ఒక్క పోగంత తొంగిచూసినా చాలు, దాని మీదుగా చెమ్మ పైబట్టకి పాకిపోతుంది. కాళ్ల మధ్య బటన్లు పెట్టే బిగుతు బాడీసూట్ వేస్తే ఇది ఇంకా ఎక్కువ, పైగా డైపర్‌ని నొక్కుతుంది కూడా. వేలితో కాళ్ల చుట్టూ ఒకసారి తడిమి, బయటికొచ్చిన గుడ్డని లోపలికి తోసేయండి. బట్టలు వదులుగా వేయండి.

రాత్రి వేరే లెక్క

పగలు రెండు మూడు గంటలకోసారి మారుస్తాం. రాత్రి తొమ్మిది పది గంటలు ఒకే డైపర్ మోయాలి. పగటి డైపర్‌నే లావు చేసి రాత్రికి సరిపెట్టాలని చూడకండి. రాత్రికి వేరే మూడు నాలుగు పెట్టుకోండి.

మాకు చివరికి కుదిరింది ఇది: బాంబూ కాటన్ ఫిట్టెడ్, లోపల ముందువైపు మడిచిన హెంప్ బూస్టర్, ఒంటికి తగిలేచోట పలుచని మైక్రోఫ్లీస్ ముక్క, పైన కవర్. ఆ ఫ్లీస్ ముక్క తడిని కిందికి వదిలి పైన మాత్రం పొడిగా ఉంటుంది, తెల్లారేదాకా చర్మం నానకుండా కాపాడుతుంది. పలుచగా ఉండటం ముఖ్యం. దుప్పటికి వాడేలాంటి దళసరి ఫ్లీస్ అయితే ధార లోపలికి దిగక జారిపోతుంది.

కవర్ రెండు రకాలు. పీయూఎల్ అంటే పాలియెస్టర్ గుడ్డకి పలుచని పాలీయురేథేన్ పొర అతికించినది. తేలిగ్గా ఉతుక్కోవచ్చు, మెషిన్‌లో వేయొచ్చు. రెండోది ఉన్ని కవర్. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకుని కూడా చేతికి తడిగా అనిపించదు, గాలి ఆడుతుంది. నీళ్లు జారిపోవడానికి దానికి అప్పుడప్పుడు లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) పట్టించాలి, గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతికి నీడలో పరిచి ఆరేయాలి. ఓపికున్నవాళ్లకి రాత్రికి ఉన్ని అద్భుతం. కానీ గట్టిగా నొక్కుకుపోతే ఊరుతుంది, కారు సీటులో మాత్రం పీయూఎల్ వేయండి.

ఉతుకు, ముఖ్యంగా మొదటి ఉతుకు

కొత్త కాటన్ ఇన్సర్టు మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి. తామరాకు మీద బొట్టులా నిలబడుతుంది. గుడ్డలో ఉన్న సహజమైన నూనె ఇంకా పోలేదన్నమాట. తెల్లబరచని కాటన్, హెంప్ కొన్నవెంటనే వాడితే లీకవుతాయి, జనం డైపర్‌ని తిడతారు. హెంప్‌కి ఆరు నుంచి ఎనిమిది ఉతుకులు పడతాయి పూర్తిగా పీల్చడానికి. ఆ మొదటి ఉతుకులు విడిగా వేయండి. వదిలిన నూనె కవర్లకీ మైక్రోఫైబర్‌కీ అంటుకోకూడదు.

బాగా పనిచేసిన డైపర్ నాలుగు నెలల తర్వాత ఉన్నట్టుండి లీకవడం మొదలెడితే ఇదే చెంచా పరీక్ష మళ్లీ చేయండి. బొట్టు నిలబడితే దోషం సాధారణంగా ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్‌ది, లేదా ఒరుపుకి రాసిన జిడ్డు క్రీముది. సాఫ్ట్‌నర్ అసలు వాడొద్దు. క్రీము రాయక తప్పకపోతే చర్మానికీ డైపర్‌కీ మధ్యలో ఒక లైనర్ (పలుచని గుడ్డ పొర) వేయండి. నీళ్లలో సున్నం ఎక్కువుంటే కూడా గుడ్డ అట్టకట్టి పీల్చడం తగ్గుతుంది. డిటర్జెంట్ మరీ తక్కువ వేయడం ఇంకో పొరపాటు, పిల్లల బట్టలు కదా అని చిటికెడు వేస్తాం. అంత మూత్రం పీల్చిన గుడ్డకి అది చాలదు, సరిపడా వేసి నురుగు పోయేదాకా బాగా జాడిస్తే సరి.

రాత్రి డైపర్ని తెల్లారగానే పంపు కింద ఒకసారి జాడించి పెట్టండి. మూత్రంలోని యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. కళ్లు మండే ఆ వాసన, పాప చర్మం కందడం రెండూ దాని పనే. ఇన్సర్టుల్ని 60 డిగ్రీల వేడిలో ఉతకొచ్చు. కవర్లకి లేబుల్ మీద రాసిన వేడి దాటొద్దు, మరిగే నీళ్లలో అసలు వేయొద్దు. పొర విడిపోయిందంటే అతికించే దారి లేదు.

ఎన్ని, ఎప్పుడు కొనాలి

రోజుకి ఎనిమిది నుంచి పది మార్పులు, రోజు విడిచి రోజు ఉతుకు అనుకుంటే పగటికి ఇరవై దాకా కావాలి. కానీ ముందు రెండే కొనండి, వేరువేరు రకాలవి. ఒక కాటన్ ఇన్సర్టు, ఒక హెంప్ బూస్టర్ చాలు ప్రయోగానికి. వారం పాటు వాడి, తూచి, ఏ జత ఎన్ని గంటలు ఆగిందో కాగితం మీద రాసుకున్నాక మిగతావి తీసుకోండి. నా పన్నెండు పాకెట్లలో ఐదు చివరిదాకా బీరువాలోనే ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం డైపర్ మీద తప్పు వెతకొద్దు. మామూలుగా ఉండే పిల్లలు ఉన్నట్టుండి చాలా ఎక్కువ పోస్తున్నా, దాహం తీరనట్టు తాగుతూనే ఉన్నా, బరువు పెరగకపోయినా తగ్గినా, నీరసంగా వేలాడిపోతున్నా డాక్టరుకి చూపించండి. మీ దగ్గర తూకం లెక్కలు ఉంటే వెంట తీసుకెళ్లండి. "చాలా పోస్తున్నాడండీ" అనడం కంటే "రాత్రి తొమ్మిది గంటల నిద్రలో ఇంత" అని చెప్తే డాక్టరుకి సగం పని తేలికవుతుంది.